పాడినందుకు జైలు

గరిమెళ్ళ సత్యనారాయణ గారి పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పల్లవి తెలియనివాడూ ఉండడు. ఆ పాటని చివరిదాకా విన్నవాళ్ళు మాత్రం మా హాస్టలు మొత్తం మీద నలుగురు తేలలేదు. నేను విన్నది అంతర్వేదిలో, తీర్థం రోజుల్లో, ఇసక మీద కూర్చున్న ఒక పెద్దాయన నోట. ఆయనకి చదువు రాదు. పాట తండ్రి దగ్గర నేర్చినదట. ఉప్పు సంగతి మొరపెట్టుకునే చరణం దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు మారిపోయింది. ఎదురుగా సముద్రం. సర్కారు సెలవు లేకుండా సముద్రపు ఒడ్డు వాడైనా ఉప్పు చేసుకోరాదన్న చట్టం ఎలాంటిదో, చరిత్ర పాఠం కన్నా ఆ గొంతే నాకు బాగా చెప్పింది. గాంధీగారి దండి యాత్ర 1930లో. ఈ పాట 1921 నాటిది!

గరిమెళ్ళ వారు 1893లో నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టారు. బీద కుటుంబం. కన్నేపల్లి నరసింహం అనే ప్లీడరుగారి చలవతో బి.ఏ. చదివారు. గంజాం కలెక్టరాఫీసులో గుమాస్తాగిరీ, విజయనగరంలో పంతులుగిరీ అయ్యాక, రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణకి చేరారు. ఇంతలో సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. చదువు వదిలేశారు. (పరీక్షలు వాయిదా వెయ్యమని మనమూ క్లాసులు వదులుతాం. అది వేరు.)

రాసి ఊరుకుంటే ఏమయ్యేదో గాని, ఆయన తనే గొంతెత్తి ఊరూరా పాడారు. ఒక తెల్ల కలెక్టరు ఆయన్ని పిలిపించి పాడించుకున్నాడనీ, తెలుగు ముక్క రాకపోయినా అందులోని వేడి గ్రహించాడనీ చెప్పుకుంటారు. భాష తెలియనివాడికే అలా తగిలితే తెలిసిన జనం మాటేమిటి? ఏడాది జైలు వేశారు.

ఆయన లోపల ఉండగానే, 1923లో, తండ్రి జబ్బుపడ్డారు. క్షమాపణ చెబితే వదిలేస్తామని సర్కారు ఆశపెట్టింది. చెప్పలేదు. తండ్రి పోయారు. ఆయన జీవితంలో ఈ ఒక్క చోట నేను చాలాసేపు ఆగిపోయాను. నాలుగు మాటలు చెబితే చాలు, ఇంటికెళ్ళి నాన్నని చూసుకోవచ్చు. మనలో ఎంతమందిమి చెప్పకుండా ఉండగలం?

బయటికొచ్చి మళ్ళీ పాడారు. ఈసారి రెండున్నరేళ్ళు.

తర్వాత మద్రాసులో గృహలక్ష్మి, ఆంధ్రప్రభ, ఆనందవాణి వంటి పత్రికల్లో కొలువులు. ఏదీ నిలవలేదు. స్వరాజ్యం వచ్చింది. ఆయనకి పక్షవాతం వచ్చింది, ఓ కన్ను పోయింది, చివరికి చెయ్యి చాచి బతకాల్సి వచ్చింది. పాటని సభల్లో పాడుకుంటూ, పాడినవాణ్ణి వీధిలో వదిలేశారంటే నాకు మింగుడు పడదు.

1952 డిసెంబరు 15 రాత్రి మద్రాసులోనే పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచారు. ఆంధ్రదేశం అట్టుడికిపోతోంది. ఆ గొడవలో, 18న, గరిమెళ్ళ కన్నుమూశారు. ఆ మర్నాడే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు.