యెల్లాప్రగడ సుబ్బారావుగారు

తిన్న యన్నము ఒంటబట్టక, నోరు పూసి, విరేచనములతో రోగి నానాటికి కృశించు వ్యాధిని మన వైద్యులు గ్రహణి యనిరి. ఆంగ్లవైద్యులు దీనికి సరిపోల్చు వ్యాధిని స్ప్రూ అందురు. ఆ వ్యాధి ఒకే యింట ఇద్దరు సోదరులను బలిగొనగా, ఆ యింటివారే యొకరు దాని మందునకు దారి చూపిన చరిత్రను మేమిచ్చట చెప్పదలచితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి ముందుగనే గతించెను. తల్లి వెంకమ్మగారు నగలమ్మి చదివించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన మూడవమారు గాని కృతార్థులు కాలేదు. ఈ వాక్యమును మా వెనుక బల్లలవారు మరి రెండుసార్లు చదువుదురని యెరుగుదుము, చదువనిండు.

మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు అంగీ ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే పొందిరి. ఆ కాలముననే సోదరు లిరువురు కొలదిదినముల తేడాతో గ్రహణివలన మరణించిరి. పిదప ఆయనకును అదే వ్యాధి సోకెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి. సోదరులను చంపినదేమి, తన్ను బ్రతికించినదేమి యను ప్రశ్న ఆయనను విడిచి యుండదని మా యూహ.

పిదప అమెరికాలోని బోస్టను చేరి, రాత్రులు ఆసుపత్రిలో చిన్నపనులు చేయుచు హార్వర్డులో చదివిరి. ఫిస్కేగారితో కూడి అచ్చట చేసిన పరిశోధనలు గొప్పవే. అయినను స్థిరమైన యుద్యోగము దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధశాలలో చేరిరి.

చిన్నప్రేవు లోపలి గోడపై వ్రేళ్ళవంటి సన్నని మొలకలు అసంఖ్యాకముగా నుండును. ఆహారసారమును పీల్చునవి అవియే. వాని కణములు కొలదిదినములకే రాలి, క్రొత్తవి పుట్టుచుండును. క్రొత్తకణము పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. గ్రహణిలో మొలకలు చదునగుటచే ఆమ్లము లోనికి పోదు. ఆమ్లము లేమిచే మొలకలు మరల లేవవు. రోగి అన్నము ముందుండియు ఆకలిచే చచ్చుట ఇందువలననే.

1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి రవ్వంత పదార్థము తీసి, ఆకునకు గల లాటిను పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. అంత కూరకు అంత మందైనచో ఎందరు రోగులకు చాలును? సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీవారు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. ఆయన ముఖ్యముగా వెదకినది ప్రాణాంతకమైన యొక రక్తహీనతకు మందు. దానికి ఇది చాలలేదు. 1948లో బి12 విటమిను దొరకవలసి వచ్చెను. కాని టామ్ స్పైస్ అను వైద్యుడు క్యూబాలో స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లమియ్యగా, కొలదిదినములలోనే వారికి ఆకలి పుట్టి, నాలుక మాని, రక్తము వృద్ధిచెందెను.

సుబ్బారావుగారు పరిశోధనాధ్యక్షులుగా నుండగనే, ఆ ఔషధశాలలో డగ్గరుగారు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ కనుగొనిరి. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది మొదటిది. నేడును వైద్యులు ఉష్ణదేశపు స్ప్రూ రోగికి ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లినును కలిపి నెలల తరబడి యిత్తురు.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావుగారు న్యూయార్కులో గుండెజబ్బుతో మరణించిరి. ఓడ యెక్కిన నాటినుండి ఆయన మరల స్వదేశమునకు రాలేదు. భార్య శేషగిరిగారు ఇచ్చటనే యుండిరి. ఆయన వెళ్ళిన పిదప పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. తండ్రి వానిని చూడనే లేదు.