తెరచాపల రేవు – సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్

గోరిమేడు నుంచి సముద్రం ఐదారు కిలోమీటర్ల దూరమే. జిప్మర్ ముందు బస్సు ఎక్కితే కాసేపటికే బీచ్ రోడ్డు చేరుతాం. అయినా మా తెలుగు తరగతిలో ఒకరోజు సముద్రం మీద పడవలో వెళ్ళినవారు చేతులెత్తండి అని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. గట్టున నిలబడి చూసినవారే అందరూ. నిజం చెప్పాలంటే మేమూ అంతే.

ఆ తర్వాతి ఆదివారం కొందరు పిల్లలతో కలిసి తీరానికి వెళ్ళాం. ఎన్.సి.సి. నౌకాదళ విభాగం విద్యార్థులు తెరచాప పడవ నడుపుతున్నారు. ఇంజిను లేదు, తెడ్డు లేదు. గాలి సముద్రం మీది నుంచి మా ముఖాలకు కొడుతోంది. ఆ పడవ మాత్రం ఆ గాలి వచ్చే దిక్కుకే సాగిపోతోంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె, గాలికి ఎదురుగా గాలితోనే ఎలా వెళ్తున్నారని అడిగింది. ఇంకొకడు, ఈ విద్య మనలాంటివాళ్ళకు నేర్పుతారా అన్నాడు. రెండు ప్రశ్నలకూ ఆ పూట మా దగ్గర జవాబు లేదు. జవాబుల కోసం చదువుతూ పోతే చెన్నై హార్బరులో ఒక క్లబ్బు, ఆ క్లబ్బు వెనుక ఒక మనిషి కనిపించారు. ఆయనే సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్. మీ గణితం టీచరు శ్రీనివాస రామానుజన్ గురించి చెప్పినప్పుడు ఈ పేరు వినే ఉంటారు. ఇప్పుడు ఆయన జీవితం కాస్త వివరంగా తెలుసుకుందాం.

ఫ్రాన్సిస్ జోసెఫ్ ఎడ్వర్డ్ స్ప్రింగ్ 1849లో ఐర్లండులో పుట్టారు. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదివారు. ఇరవై ఏళ్ళు దాటగానే భారతదేశంలో ప్రభుత్వ ఇంజినీరుగా చేరారు. అక్కడి నుంచి ఆయనదీ బదిలీల జీవితమే. రైలు మార్గాలు, నదులు, వంతెనలు ఎక్కడుంటే అక్కడికి మూట కట్టుకుని వెళ్ళడమే. పదేళ్ళలో ఐదు ఊళ్ళు తిరిగిన మాకు ఈ మాట రాస్తుంటే ఆయన మీద కొంచెం చుట్టరికం లాంటిది కలిగింది.

మన తెలుగువారికి ఆయన పని తెలియకుండానే తెలుసు. 1890ల్లో తూర్పు తీర రైలు మార్గం పనుల్లో ఆయన ముఖ్యమైన ఇంజినీరు. విజయవాడ నుంచి విశాఖ వైపు ఇప్పుడు మనం వెళ్ళే దారి అదే. ఆ దారికి రాజమండ్రి దగ్గర గోదావరి అడ్డం వచ్చింది. దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పారే నది అది. అక్కడ వంతెన కట్టాలన్న ప్రయత్నంలో స్ప్రింగ్ గారి పాలు ఉంది. గ్రాన్‌విల్ వాల్టన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో నిర్మాణం జరిగింది. 56 స్పాన్‌ల ఆ హేవలాక్ వంతెన 1900లో తెరుచుకుంది. 1997 వరకు రైళ్ళను మోసి ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటోంది. వరద నదిని గట్టులతో దారిలో పెట్టి వంతెన కిందుగా నడిపించడం ఎలాగో స్ప్రింగ్ 1903లో ఒక పుస్తకమే రాశారు. నీటితో తగాదా పడకూడదు, దాని స్వభావం తెలుసుకుని మెలగాలి అన్నది ఆ పుస్తకం సారం.

1904లో ఆయనను మద్రాసు పోర్టు ట్రస్టుకు ఛైర్మన్‌గా వేశారు. అప్పటికి ఆయన వయసు 55. చాలామంది పింఛను లెక్కలు చూసుకునే వయసు. మద్రాసుకు సహజమైన రేవు లేదు. పూర్వం ఓడలు దూరాన లంగరు వేస్తే, కుట్టు పడవలైన మసూలాల్లో అలల మీదుగా మనుషుల్నీ సరుకునూ ఒడ్డుకు చేర్చేవారు. తడవకుండా దిగినవాడు అదృష్టవంతుడు. 1875లో రేవుకు పునాది వేసి, రెండు రాతి చేతులను సముద్రంలోకి చాచి కట్టడం మొదలుపెట్టారు. 1881 నవంబరు తుపాను ఆ పనిని చాలావరకు ధ్వంసం చేసింది. మళ్ళీ కట్టారు. కానీ రేవు ముఖం నేరుగా తూర్పుకు ఉండడంతో అలలు లోపలికే వచ్చి ఓడలను కుదిపేసేవి. స్ప్రింగ్ ఆ తూర్పు ద్వారాన్ని మూయించి ఈశాన్యం వైపు కొత్త ద్వారం తెరిపించారు. దాన్ని కాచే అడ్డుగోడ కట్టించారు. లోపల ఓడలు ఆనుకునే గట్లు, గిడ్డంగులు, రైలు పట్టాలు వచ్చాయి. ఓడలు నిమ్మళంగా నిలిచే రేవు అయింది.

ఇందులో చెప్పవలసిన రెండో వైపు కూడా ఉంది. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది పొడుగునా ఒకచోట ఉండదు. అలలతో పాటు ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. సముద్రంలోకి గోడ కడితే ఆ నడక ఆగిపోతుంది. గోడకు దక్షిణాన ఇసుక పోగుపడుతుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. మద్రాసు మెరీనా అంత విశాలం కావడానికీ, రాయపురం వైపు మత్స్యకారుల పల్లెలు నేల పోగొట్టుకోవడానికీ కారణం ఆ రేవు గోడలే. స్ప్రింగ్ రాక ముందే మొదలైన ఈ చిక్కు ఆయన తర్వాత కూడా తీరలేదు. మన పుదుచ్చేరికీ ఇది కొత్త కథ కాదు. 1980ల చివర మన రేవు గోడలు కట్టాక బీచ్ రోడ్డు ముందున్న ఇసుక తీరం మాయమైంది. అందుకే అక్కడ ఆ నల్లరాళ్ళు. 2018లో నీటి అడుగున ఒక ఉక్కు కట్టడం అమర్చాక కొంత ఇసుక తిరిగి చేరింది. గొప్ప ఇంజినీరు పనికి కూడా ఎవరో ఒకరు ఖరీదు చెల్లిస్తారని, ఆ ఖరీదు చాలాసార్లు పడవవాళ్ళ మీదే పడుతుందని మీరు మరిచిపోకూడదు.

1911లో స్ప్రింగ్ గారికి సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది, 62 ఏళ్ళ వయసులో, తను ప్రశాంతం చేసిన ఆ నీళ్ళ మీద ఆయన ఒక సెయిలింగ్ క్లబ్బు మొదలుపెట్టారు. అదే ఇప్పటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్. మద్రాసులో నమోదైన మొదటి మోటారు కారు కూడా ఆయనదేనని చెబుతారు. అంటే ఇంజిను మీద ఆయనకు కోపమేమీ లేదు. అయినా సాయంత్రం పూట గాలిని నమ్ముకున్న పడవ ఎక్కడమే ఆయనకు ఇష్టం. ఆ కాలపు క్లబ్బుల రివాజు ప్రకారం అది దొరల వినోదమే. రేవులో మూటలు మోసే కూలీకి గానీ, లెక్కలు రాసే గుమాస్తాకు గానీ ఆ పడవల్లో చోటు ఉండేది కాదు.

ఆ గుమాస్తాల గదిలోకే మరుసటి సంవత్సరం, 1912 మార్చి 1న, నెలకు 30 రూపాయల జీతంతో ఒక యువకుడు చేరాడు. అతడే రామానుజన్. పోర్టు ప్రధాన అకౌంటెంటు నారాయణ అయ్యర్ స్వయంగా గణితం తెలిసినవారు. ఆయన ఈ కుర్రవాడి ప్రతిభను ఛైర్మన్ దృష్టికి తెచ్చారు. స్ప్రింగ్ గణిత పండితుడు కాదు. ఆ నోటు పుస్తకాల్లో ఉన్నది తనకు పూర్తిగా అర్థం కాదని ఆయనకు తెలుసు. అర్థం కానిదాన్ని పక్కన పెట్టకుండా, అర్థమయ్యేవారి దగ్గరకు పంపారు. 1913 ఫిబ్రవరిలో వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ రేవు చూడడానికి వచ్చినప్పుడు రామానుజన్ పని ఆయన కళ్ళబడింది. వాకర్ విశ్వవిద్యాలయానికి రాశారు. నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం దొరికింది. కేంబ్రిడ్జి ప్రయాణానికి డబ్బు అవసరమైనప్పుడు స్ప్రింగ్ గవర్నరు కార్యాలయానికి లేఖ రాసి గట్టిగా సిఫారసు చేశారు. 1914 మార్చి 17న రామానుజన్ నెవాసా అనే ఓడలో మద్రాసు నుంచే బయలుదేరాడు. తను బాగుచేసిన రేవు నుంచి తన ఆఫీసు గుమాస్తా అలా వెళ్ళడం ఆ ముసలి ఇంజినీరుకు ఎంత తృప్తినిచ్చి ఉంటుందో ఊహించుకోండి.

అదే సంవత్సరం సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించింది. చమురు ట్యాంకులు అంటుకున్నాయి. యుద్ధకాలమంతా స్ప్రింగ్ రేవు బాధ్యతల్లోనే ఉన్నారు. 1919లో, 70 ఏళ్ళ వయసులో, మద్రాసు వదిలి వెళ్ళారు. 1933లో కన్నుమూశారు. చెన్నై రేవులో పడవలు ఆనే ఒక గట్టుకు నేటికీ స్ప్రింగ్‌హేవన్ అని పేరు. యాట్ క్లబ్ ఉన్నది అక్కడే.

ఇక మీ ప్రశ్నలకు వద్దాం. గాలికి ఎదురుగా పడవ ఎలా వెళ్తుంది? సూటిగా వెళ్ళలేదు. గాలి వచ్చే దిక్కుకు సుమారు 45 డిగ్రీల వాలుగా కొంతదూరం కుడికి, తర్వాత తిప్పి కొంతదూరం ఎడమకు, ఇలా వంకర దారిలో పైకి ఎగబాకుతుంది. గాలి తెరచాపను పక్కకు నెడుతుంది. పడవ అడుగున నీటిలోకి దించిన పలక ఆ పక్కచూపు జారుడును ఆపుతుంది. ఇక పడవకు మిగిలేది ముందుకు సాగడమే. చుక్కాని, తెరచాప తాడు రెండూ ఒకే మనిషి చేతుల్లో ఉంటాయి. కనుక ఏ క్షణమూ పరధ్యానం కుదరదు.

మనలాంటివాళ్ళకు నేర్పుతారా? ఇప్పుడు నేర్పుతున్నారు. పిల్లలు మొదట నేర్చుకునే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం చౌకలో తయారయ్యేలా దాని నమూనా గీశారు. పొడవు రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు, బరువు 35 కిలోలు, ఒక్కటే తెరచాప, ఒక్కరే నావికులు. 15 ఏళ్ళ వరకు దానిలో పోటీ పడవచ్చు. మొదట నేర్పే పాఠాల్లో ఒకటి, పడవను కావాలని బోల్తా కొట్టించి మళ్ళీ నిలబెట్టడం. పడడం ముందే తెలిస్తే భయం సగం పోతుంది. లైఫ్ జాకెట్ లేనిదే నీళ్ళలోకి దించరు. పక్కనే రక్షణ పడవ ఉంటుంది.

ఒడ్డున నేర్చుకునేది ఇంకా ఎక్కువ. ఎంత బలమున్న పిల్లవాడికైనా తన పడవను ఒక్కడే నీటికి మోసుకెళ్ళడం కష్టం. నలుగురూ కలిసి ఒకరి తర్వాత ఒకరి పడవను దించాలి. తిరిగొచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడగాలి, తెరచాప ఆరబెట్టి మడవాలి. పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు ముళ్ళు వేయడం నేర్పుతారు. పోటీలో మరో రెండు గొప్ప నియమాలున్నాయి. ఒకటి, ఎవరైనా ప్రమాదంలో ఉంటే పందెం వదిలి అయినా సాయం చేయాలి. రెండు, తప్పు చేస్తే ఎవరూ ఈల వేయనక్కరలేదు. తనంతట తానే పడవను గుండ్రంగా తిప్పి శిక్ష వేసుకుని మళ్ళీ బయలుదేరాలి. మన పరీక్ష హాళ్ళలో కూడా ఇంత నమ్మకం ఉంటే ఎంత బాగుండును!

చెన్నై రేవులో వేసవి శిబిరాల్లో ఇలా మొదలుపెట్టిన పిల్లలు ఒలింపిక్స్ దాకా వెళ్ళారు. 2009లో అలా చేరిన నేత్రా కుమనన్ 2021లో ఒలింపిక్స్ సెయిలింగ్‌కు అర్హత పోటీల ద్వారా ఎంపికైన మొదటి భారతీయ మహిళ అయ్యింది. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద సైన్యం వారి సెయిలింగ్ సంఘం ఎన్నో ఏళ్ళుగా పోటీలు నడుపుతోంది. అక్కడి యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు పడవ నేర్పి జాతీయ పోటీలకు పంపుతోంది. సముద్రమే లేని ఊళ్ళో ఒక చెరువు మీద ఈ పని జరుగుతోందంటే, సముద్రం పక్కనే ఉన్న మనం ఏం చెప్పుకోవాలి?

తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక అబ్బాయి లేచి, మనల్ని పాలించిన దొరను మనం ఎందుకు మెచ్చుకోవాలని అడిగాడు. మంచి ప్రశ్న. మేము ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాం. ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన క్లబ్బులో మన తాతలకు చోటు లేదన్నది నిజం. రామానుజన్ చేతికి ఓడ టిక్కెట్టు రావడానికి ఆయన కలం కదిపాడన్నదీ నిజమే. బదిలీ మీద వచ్చిన మనిషి ఏదో ఒకరోజు వెళ్ళిపోతాడు. వంతెన పాతబడుతుంది, గోడ ఒక పక్క మేలు, మరో పక్క కీడు చేస్తుంది. ఆయన తన కోసం, తన వాళ్ళ కోసం తెరిచిన తలుపు మాత్రం తర్వాతి తరాలు ఇంకా వెడల్పుగా తెరిచాయి. ఒకనాటి గుమాస్తాల మనవలు, మనవరాళ్ళు ఇప్పుడు ఆ నీళ్ళ మీద పడవలు నడుపుతున్నారు.

మాకు తర్వాతి బదిలీ ఉత్తర్వు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈలోగా ఒక చిన్న పని మొదలైంది. గాలి గురించి అడిగిన ఆ అమ్మాయి ఈత నేర్చుకుంటోంది. వచ్చే ఏడాది ఎన్.సి.సి. నౌకాదళ విభాగానికి పేరు ఇస్తానంటోంది. వాళ్ళమ్మగారికి ఇంకా భయంగానే ఉంది. ఆ భయం మాకు అర్థమవుతుంది. అందుకే ఈ వేసవిలో అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని తీరానికి వెళ్ళి, లైఫ్ జాకెట్ ఎలా కడతారో, రక్షణ పడవ ఎక్కడ నిలుస్తుందో దగ్గరుండి చూపించాలని అనుకుంటున్నాం. మీలో ఎవరైనా రాదలిస్తే తెలుగు పీరియడులో పేరు చెప్పండి.