కార్మిక నాయకుడు గిరి – మిల్లు గేటుకి ఇవతల

మా తాతకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు, మా పెదనాన్న, నెల్లిమర్ల జూట్ మిల్లులో కార్మికుడు. చిన్నవాడు మా నాన్న, రైతు. పల్లంలో వరి, మెట్టలో గోగు వేస్తాడు. నాన్న గోగు కోసి, కట్టలు చెరువులో ఊరేసి, నడుంలోతు నీళ్ళలో నిలబడి నార తీస్తాడు. ఆ నార మిల్లుకి పోతే అక్కడ గోనెసంచి అవుతుంది. అంటే అన్నదమ్ములిద్దరూ ఒకే నారకి చెరో కొస పట్టుకున్నవాళ్ళే.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒకే వానాకాలంలో ఇద్దరికీ టైఫాయిడ్ జొరం తగిలింది. పెదనాన్న ఇ.ఎస్.ఐ. కార్డు పట్టుకొని డిస్పెన్సరీకి వెళ్ళాడు. మందులకి పైసా ఖర్చవలేదు సరికదా, మంచం మీదున్న రోజులకి జీతంలో కొంత భాగం కూడా చేతికొచ్చింది. నాన్నని విజయనగరం తీసుకెళ్ళాం. అక్కడ ఒక ఆసుపత్రిలో మా కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఆపరేషను జబ్బు కాదు గనక చెల్లదన్నారు. నాన్న లేచి తిరిగేసరికి మా పాడిగేదె సంతకి వెళ్ళిపోయింది.

ఒకే ఇల్లు, ఒకే జొరం, రెండు న్యాయాలు ఎందుకని? సైన్సు విద్యార్థిని, చరిత్ర నాకు పాఠం కాదు. అయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు వెతుక్కుంటూ పోతే నాకు ఎదురైన మనిషి వరాహగిరి వెంకటగిరి. మనకి ఆయన రాష్ట్రపతిగానే తెలుసు. ఆ పదవికి ముందున్న గిరిగారి గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు. కొడుకు కూడా వకీలు కావాలని 1913లో ఐర్లండు పంపారు. డబ్లిన్‌లో అది కార్మికులకీ యజమానులకీ పెద్ద పోరాటం నడిచిన ఏడాది. చదువు మాటెలా ఉన్నా, ఐరిష్ స్వాతంత్ర్య వీరుల ప్రభావం ఆయన మీద బలంగా పడింది. 1916లో ఈస్టరు తిరుగుబాటు అణచివేత తర్వాత ఆయన ఐర్లండు విడిచి ఇంటికి రావలసి వచ్చింది.

వచ్చాక నల్లకోటు కంటే రైలు కూలీల నీలిచొక్కాలే ఆయనకి దగ్గరయ్యాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం కట్టి, వాళ్ళ సమ్మెలు నడిపారు. 1926లో ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకి అధ్యక్షులయ్యారు. 1927లో భారత కార్మికుల ప్రతినిధిగా జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకి వెళ్ళారు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. సరిగ్గా ఆ 1927 మహాసభలోనే జబ్బు బీమా గురించి రెండు ఒప్పందాలు ఆమోదించారు. ఒకటి పరిశ్రమల కార్మికులకి, రెండోది వ్యవసాయ కార్మికులకి. అంటే నాగలి పట్టినవాడికీ జబ్బు చేస్తుందన్న సంగతి ప్రపంచానికి అప్పుడే తెలుసు! మన దేశాన్ని ఏలుతున్న తెల్లదొరల ప్రభుత్వం మాత్రం రెండింటిలో దేనికీ ఒప్పుకోలేదు.

మన ప్రాంతంతో గిరిగారి అనుబంధం 1937 ఎన్నికలతో గట్టిపడింది. బొబ్బిలిలో సాక్షాత్తూ బొబ్బిలి రాజావారి మీదే పోటీ చేసి గెలిచారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చూశారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్ళారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికై, ఆ మే నెలలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

అప్పటికి ఇ.ఎస్.ఐ. మూడు నెలల పసికందు. ఆచార్య అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో సుమారు 1,20,000 మంది కార్మికులతో పథకం మొదలైంది. దాని కిటుకు చిన్నదే. కార్మికుడి కూలిలోంచి కొంత, యజమాని నుంచి అంతకంటే ఎక్కువ, ప్రతి నెలా ఒక నిధిలో పడుతుంది. ఆ ఒళ్ళు బాగున్నవాళ్ళ చందాతోనే ఒంట్లో బాగోలేనివాడికి వైద్యం జరుగుతుంది. ఇష్టమున్నవాళ్ళే కట్టండంటే రోగులు మాత్రమే చేరతారు, నిధి ఎండిపోతుంది. అందుకే చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. భారం మా ఒక్క ఊరి మీదే ఎందుకని మొదటి ఊళ్ళ యజమానులు గోల పెడితే, 1951లో చట్టం సవరించి దేశమంతటా యజమానుల నుంచి ప్రత్యేక చందా వసూలు చేశారు. గిరిగారి హయాంలోనే 1953లో పథకం పంజాబు పట్టణాలకి పాకింది.

నన్ను ఆలోచింపజేసిన విచిత్రం ఇక్కడే ఉంది. కార్మిక తగాదాల్లో ప్రభుత్వం తీర్పరిగా దూరకూడదని, కార్మికుడూ యజమానీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని గిరిగారి సిద్ధాంతం. దానికి గిరి విధానమనే పేరే వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల తీర్పుని ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో మంత్రి పదవినే వదిలేసిన మనిషి. అటువంటి వ్యక్తి, ప్రభుత్వం బలవంతాన చందా వసూలు చేసే బీమాకి రెండేళ్ళు పెద్దదిక్కుగా ఎలా ఉన్నారు? నాకు తోచిన జవాబు ఇది. కూలిరేటు గురించి బేరమాడొచ్చు, కావాలంటే సమ్మె కట్టొచ్చు. జొరంతో ఎవడు బేరమాడగలడు? ఎవరి మీద సమ్మె కడతాడు? బేరానికి అవతల మనిషి లేనిచోట ప్రభుత్వం ఉండి తీరాలి.

మరి రైతు సంగతో? చట్టం కరెంటు వాడే, ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలకే వచ్చింది. వేరుశనగ కాయ ఒలిచే మిల్లు, పంచదార ఫ్యాక్టరీ, ఆఖరికి జనపనార బేళ్ళు కట్టే పని కూడా సీజను పనులని పక్కన పెట్టారు. ఇంక రైతుకి యజమాని ఎవరు? నెలజీతం ఏది? చందా ఎక్కడ కొయ్యాలి? జెనీవాలో రెండుగా పుట్టిన మాట మన దగ్గరికి ఒక్కటిగానే చేరింది. తలుపు మిల్లు గేటు దగ్గరే మూసుకుంది.

రైతుల వేపు తలుపు తెరుచుకునేసరికి 2007 ఏప్రిల్ 1 వచ్చింది. ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లో పెడితే, మన పక్క శ్రీకాకుళం అందులో ఒకటి. ఇది చందా లేని బీమా, ఖర్చు ప్రభుత్వానిది. మా వీధిలో ఒకావిడ గుండె ఆపరేషను చేయించుకొని ఇప్పటికీ కళ్ళంలో ధాన్యం తూర్పార పడుతోందంటే ఆ కార్డు చలవే. కాదనడానికి నోరు రాదు.

దీని మీద మా హాస్టల్లో అర్ధరాత్రి దాకా వాదనలు నడుస్తాయి. పేదవాడి దగ్గర చందా అడగడం పాపమని కొందరంటారు. ప్రైవేటు ఆసుపత్రులకి పోసే డబ్బు ఊరి ఆసుపత్రికి పెడితే జొరం జొరంగా ఉండగానే తగ్గుతుందని మరికొందరు. నా మట్టుకి నాకు పెదనాన్న కార్డే పాఠం చెప్పింది. ఆయన చందా కట్టాడు గనక గొంతెత్తి అడగగలడు. మందు లేకపోతే యూనియను అడుగుతుంది. నాన్న కార్డు పేరు 2014లో మారింది, 2019లో మారింది, 2024లో మళ్ళీ మారింది. నాన్ననెవరూ అడగలేదు, నాన్నా ఎవరినీ అడగలేడు. అలాగని పెదనాన్నది పూర్తి భద్రతా కాదు. ఏ మిల్లైనా మూతపడితే చందా ఆగుతుంది, కొన్నాళ్ళకి హక్కూ ఆగుతుంది. కాబట్టి రైతు కొంతా, ప్రభుత్వం ఎక్కువా వేసుకొని, ఆపరేషనుకే కాక జొరానికీ చెల్లే బీమా కావాలన్నది నా అభిప్రాయం. తప్పైతే పెద్దలు దిద్దుదురు గాక.

గిరిగారు 1957లో పార్వతీపురంలో ఓడారు, గవర్నరుగా మూడు రాష్ట్రాలు చూశారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. పదవులన్నీ ఒక ఎత్తు, బొబ్బిలిలో రాజుని ఓడించిన కూలీల వకీలు ఒక ఎత్తు.

మిత్రులారా, మనలో చాలామందిమి గోగు చేల నుంచి వచ్చినవాళ్ళమే. రేపు ఉద్యోగాలొస్తే మనకీ ఏదో ఒక బీమా కార్డు వస్తుంది. గేటు దాటి లోపలికి పోయాక, ఇవతల నీళ్ళలో నిలబడి నార తీస్తున్నవాణ్ణి మరిచిపోకుండా ఉంటే, గిరిగారికి అదే మనం పెట్టే దండం.