గురువుగారి పేరు మోసే పువ్వు

వృక్షశాస్త్రం చదివే నాబోటివాళ్ళకు లాటిన్ పేర్లు బట్టీ పట్టడం పెద్ద శిక్ష. ఆ పేర్ల వెనుక మనుషులున్నారని తెలిశాకే నా విసుగు కొంత తగ్గింది. అలా తెలిపిన మొక్క రడ్బెకియా. ఆ పేరు పెట్టినవాడు కార్ల్ లిన్నేయస్. జీవరాశికి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన మహనీయుడు ఈయనే.

1707లో స్వీడన్ దేశపు పల్లెటూరిలో, ఒక మతాచార్యుని ఇంట పుట్టిన లిన్నేయస్ 1728లో ఉప్సాల విశ్వవిద్యాలయంలో చేరాడు. చేతిలో పైసా లేదు. చిరిగిన బూట్లలో కాగితాలు కుక్కుకుని నడిచిన రోజులవి. అయినా చదువు మానలేదు. మొక్కల్లోనూ ఆడ, మగ భేదం ఉందంటూ అతను రాసిన చిన్న వ్యాసం ఆచార్య ఓలోఫ్ రడ్బెక్ కంటపడింది.

రడ్బెక్ గారికి అప్పటికి దాదాపు డెబ్బై ఏళ్ళు. ఉప్సాలలోని వృక్షశాస్త్రపు తోటను 1655లో నెలకొల్పింది ఆయన తండ్రే. లోకంలోని మొక్కలన్నిటినీ బొమ్మలతో గ్రంథస్థం చేయాలని తండ్రీకొడుకులు పూనుకొన్నారు. 1702లో ఊరంతా అంటుకున్న మంటల్లో వేలకొద్దీ చెక్క అచ్చులు బూడిదయ్యాయి. 1695లో ల్యాప్‌లాండ్ తిరిగి ఆయన రాసుకొన్న విషయాలూ చాలావరకు పోయాయి. ఇంత దెబ్బ తిన్న మనిషికి, తన రంగంలో దూసుకొస్తున్న కుర్రవాణ్ణి చూస్తే కంటగింపు కావచ్చు కదా! ఆయనకు కాలేదు. చేరి రెండేళ్ళు నిండని ఆ విద్యార్థినే 1730లో తోటలో పాఠాలు చెప్పమన్నారు. తన ఇంట్లో చోటిచ్చి, పిల్లల చదువు అప్పగించారు. గురువుగారి ల్యాప్‌లాండ్ ముచ్చట్లు విన్న లిన్నేయస్ 1732లో తానూ అక్కడికి బయలుదేరాడు.

ఈ రుణం ఎలా తీర్చాడంటారా? ఉత్తర అమెరికానుంచి వచ్చిన, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన పచ్చని పూల మొక్కకు గురువుగారి ఇంటిపేరు పెట్టాడు. ఇందులో ఒక రకం పది అడుగుల దాకా పెరుగుతుంది. గురువుగారి ఔన్నత్యానికి గుర్తుగానే పొడుగాటి మొక్కను ఎంచుకున్నానని అతనే చెప్పాడు. కిరణాల్లాంటి రేకలు ఆయన కీర్తికీ, ఏటేటా చిగురించే వేరు ఆయన కృషికీ గుర్తులన్నమాట.

రడ్బెక్ గారు 1740లో కన్నుమూశారు. మరుసటి ఏడు లిన్నేయస్ అదే విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1778లో చనిపోయేలోగా ఎందరో శిష్యులను మొక్కల అన్వేషణకు దేశదేశాలకు పంపాడు.

మంటల్లో పోయిన గ్రంథం మళ్ళీ రాలేదు. కానీ ఒక బీద విద్యార్థికి తెరిచిన తలుపు వల్ల ఆ ఇంటిపేరు ఈనాటికీ తోటల్లో పూస్తోంది. మన లెక్చరర్లూ, మనమూ తలుచుకోదగిన కథ ఇది.