రెండు మాత్రల వెనుకనున్న జీవితము

కీళ్లవాతముతో బాధపడు రోగికి వైద్యుడు వ్రాసియిచ్చిన చీటిని చూచినచో, అందు రెండు మందుల పేర్లు తరచుగ జంటగా కానవచ్చును. ఒకటి మెథోట్రెక్సేట్, ఇది వారమున కొక్కమారు మాత్రమే పుచ్చుకొనవలసినది. రెండవది ఫోలిక్ ఆమ్లము. ఇది మొదటిదాని వలని బాధలను తగ్గించుటకు వేరొక దినమున పుచ్చుకొనవలసినది. పరస్పరము విరోధులైన ఈ రెండు పదార్థములును ఒకే ప్రయోగశాలలో, ఒక తెలుగువాని నాయకత్వమున రూపొందినవని ఎరిగినవారు అరుదు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆ మందుల విలువ తెలియవలెనన్న ముందుగా ఆ వ్యాధి స్వభావము తెలియవలెను. రోగక్రిములనుండి దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దేహముపై తిరుగబడుట దీని లక్షణము. కంచెయే చేను మేసినట్లన్నమాట. రుమటాయిడ్ కీళ్లవాతమున ఆ దాడి కీళ్లలోని పలుచని పొరపై సాగును. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగా వచ్చును. ప్రొద్దున లేచునప్పటికి చేతివ్రేళ్లు బిగిసిపోవును, గంటసేపైనను వదలవు. సుద్దముక్క పట్టలేని ఉపాధ్యాయుని, బిందె యెత్తలేని గృహిణిని, రవికె గుండీ పెట్టుకొనలేని తల్లిని ఊహించుకొనుడు. ప్రాణము వెంటనే పోదు; కాని బ్రతుకులోని స్వాతంత్ర్యము దినదినమును తరిగిపోవును. చికిత్స లేనిచో ఎముకలు అరిగి, వ్రేళ్లు వంకరలుపోవును.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. చిన్ననాట చదువుపై ఆయనకు నిలుకడ తక్కువ. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. నేడు హైదరాబాదున అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతమున నగర కేంద్ర గ్రంథాలయము చుట్టును ఉద్యోగపరీక్షలకై ఏండ్లతరబడి చదువుచున్న యువజనులు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును. ఫలితముల పట్టికలో పేరు లేకపోవుట మనుష్యుని విలువకు కొలమానము కాదు.

సన్న్యాసము స్వీకరింపవలెనని తలచి, తల్లి యంగీకరింపకపోగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. గాంధీజీ పిలుపు ననుసరించి ఖద్దరు దుస్తులు ధరించుటచే ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టము బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. ఆ కాలముననే ఇద్దరు సోదరులు కొద్ది దినముల వ్యవధిలో సంగ్రహణి వ్యాధికి బలియైరి. తానును ఆ వ్యాధి వాతబడి, ఆయుర్వేద చికిత్సచే కోలుకొనెను. దానికి మందు కనుగొనవలెనన్న పట్టుదల ఆనాడే ఆయన హృదయమున నాటుకొనెను.

భార్య శేషగిరిని స్వదేశముననే విడిచి ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరెను. పగలు హార్వర్డులో చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు కొలువు. తాను కంట చూడనైన చూడని కుమారుడు ఇచట శైశవముననే మరణించెను. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. భార్య ఎదురుచూపునకు ఫలము లేకపోయెను. విజ్ఞానమునకు చెల్లించిన మూల్యమును ఆమెయు చెల్లించినదని మనము మరువరాదు.

హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియేటినును, 1929లో జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని వెలికితీసిరి. 1930లో ఆయనకు డాక్టరేటు లభించెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము దక్కలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, అచటి పరిశోధనలకు నాయకుడయ్యెను.

ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయుటలో కృతకృత్యమాయెను. అది సంగ్రహణికిని, కొన్ని రకముల పాండురోగమునకును గుణమిచ్చెను. సోదరుల ఋణము తీరినట్లయ్యెను. పిమ్మట అదే ఆమ్లమును పోలియుండి, దాని పనిని అడ్డగించు పదార్థములను ఆ బృందము నిర్మించెను. అందొకటియైన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుగల పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికముగా తగ్గుటను 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఆ సంవత్సరము ఆగస్టు మాసముననే, ఏబదిమూడవ యేట, సుబ్బారావు నిద్రలో కన్నుమూసెను.

కీళ్లవాతపు కథ ఆయన మరణానంతరము మొదలయ్యెను. 1951లో గుబ్నరు అను వైద్యుడును, ఆయన సహచరులును అమినోప్టెరిన్ ఆ వ్యాధిని తగ్గించుటను గమనించిరి. కాని అంతకు రెండేండ్లక్రితమే కార్టిజోన్ ప్రభావము వెల్లడియై, వైద్యలోకము దృష్టి అంతయు అటు మరలియుండెను. కార్టిజోనును చిరకాలము వాడుటలోని కీడు క్రమముగా బోధపడెను. 1980లలో జరిగిన పరీక్షలు అల్పమాత్రలో మెథోట్రెక్సేట్ ఉపయోగమును స్థాపించెను. 1988లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈ వ్యాధికి దాని నంగీకరించెను. నేడు పెక్కుమంది రోగులకు చికిత్స దీనితోనే ప్రారంభమగుచున్నది. ఈ మందు దేహమున అడినోసిన్ అను పదార్థమును పెంచి వాపు నణచునని శాస్త్రజ్ఞులలో ప్రబలమైన అభిప్రాయము. ఏ.టి.పి. అను మూడక్షరములలో మొదటిది ఆ అడినోసినునకే సంకేతమగుట విశేషము.

ఇది వ్యాధిని నిర్మూలించు మందు కాదు, అదుపులో నుంచునది. వారమున కొకమారు పుచ్చుకొనవలసినదానిని పొరపాటున నిత్యము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భిణులు దీనిని వాడరాదు. రక్తపరీక్షలు, వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. ఇన్ని జాగ్రత్తల నడుమనైనను, వంగని వ్రేళ్లు వంగుట, మరల సుద్దముక్క చేతపట్టుట, తన జడ తానల్లుకొనుట స్వల్పలాభములు కావు. ఆయుర్దాయమును సంవత్సరములతో లెక్కింతురు; బ్రతుకును ఇట్టి పనులతోనే లెక్కింపవలెను.

1995లో భారత ప్రభుత్వము సుబ్బారావు శతజయంతికి తపాలా బిళ్లను వెలువరించెను. సోదరుల వ్యాధికి మందు వెదకిన ఆయన, తాను తలపెట్టని వేరొక వ్యాధికి, తానెన్నడును చూడని జనులకు ఉపకారియైనాడు. పాఠశాలలలో ఆయన కథ చెప్పునపుడు, ఉపాధ్యాయులు ఆ పట్టముల జాబితాతో ఆగక, మందులచీటిలోని ఆ రెండు పేర్లను గూడ నల్లబల్లపై వ్రాసి చూపుదురుగాక.