మాటలను తూచిన వైద్యుడు

తప్పు, నేరము, పాపము – ఈ మూడును సమీపార్థము లయినను ఒకటి కావు. తప్పు పొరపాటున జరుగవచ్చును; నేరము శాసనమునకు విరుద్ధము; పాపము ధర్మమునకు విరుద్ధము. ఈ తారతమ్యము నెఱుగక ఒకరిని నిందించుట అన్యాయము. ఇట్టి మాటలను వాని వ్యతిరేకపదముల సరసన నిలిపి చూపిన మేధావి పీటర్ మార్క్ రోజెట్.

ఆయన 1779 జనవరి 18వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి జెనీవా దేశీయుడైన క్రైస్తవ మతాచార్యుడు. కుమారుని నాలుగవ యేటనే గతించెను. రోజెట్ ఎడింబరోలో చదివి, పందొమ్మిదేండ్లకే, 1798లో, వైద్యపట్టము నందెను. 1805లో మాంచెస్టరున వైద్యుడుగా నుండి, తన వ్రాతల కుపయోగించుటకై, భావముల ననుసరించి ఒక చిన్న పదపట్టికను కూర్చుకొనెను.

ఆయన మేనమామ సర్ శామ్యూల్ రొమిలీ ప్రఖ్యాత న్యాయవాది. స్వల్పనేరములకు సైతము ఉరి విధించు నాటి ఆంగ్లశాసనములను మార్పింప పార్లమెంటులో పోరాడెను. ఆయన కృషివలన 1808లో జేబుదొంగతనమునకు మరణదండన రద్దయ్యెను. 1818లో భార్యావియోగము సహింపలేక ఆయన ఆత్మహత్య చేసికొనెను. ఆ కడపటి దినములలో ఆయనను కనిపెట్టియున్నవారిలో రోజెట్ ఒకడు. మేనమామ నేరమునకు తగిన శిక్షను వెదకెను. మేనల్లుడు భావమునకు తగిన మాటను వెదకెను.

1827 నుండి 1848 వఱకు రాయల్ సొసైటీకి కార్యదర్శిగా నుండి విరమించిన పిదప, రోజెట్ పాతపట్టికను మరల చేపట్టెను. 1852లో, డెబ్బదిమూడవ యేట, 'థెసారస్' అను పదనిధిని ప్రకటించెను. అందు వర్గము లాఱు, శీర్షికలు వేయి. చివరి వర్గమున నీతికి సంబంధించిన పదములు ఎదురెదురు వరుసలలో నున్నవి: ధర్మమున కెదుట అధర్మము, నిర్దోషత్వమున కెదుట అపరాధము. ప్రశంసకు ప్రతిగా నింద కలదు. ముఖస్తుతికి ప్రతిగా చాడీ కలదు. ప్రశంసయు ముఖస్తుతియు ఒక్కటి కావని ఆ శీర్షికలే బోధించును.

మన పూర్వులు వల్లెవేసిన అమరకోశమును రోజెట్ తన పీఠికలో పేర్కొనెను. మనోభావముల విభజన అందు లోపభూయిష్టమని ఆయన తలంచెను. అయినను, అర్థము ననుసరించి పదములను కూర్చు పద్ధతి ఆయనకంటె వేయేండ్లకు పూర్వమే మనకు కలదని దానివలన తెలియుచున్నది.

1869 సెప్టెంబరు 12వ తేదీన, తొంబదియేండ్ల ప్రాయమున, రోజెట్ పరమపదించెను. మంచికి వ్యతిరేకపదము చెడు అని విద్యార్థి వ్రాసినంత పాఠము ముగియదు. ఆ చెడు తప్పో, నేరమో, పాపమో విచారించి పలుకుట నేర్చిననాడే భాషయు, న్యాయబుద్ధియు కలిసి వికసించును.