పుట్టినింటి వ్రతము: డొక్కా సీతమ్మ

గోదావరి లంకలలో వరద వచ్చినచో పడవ కదలదు. రేవు దాటలేని బాటసారికి ఎవరింటి అరుగో ఒకటి దిక్కు. అట్టి సీమలో తన యింటినే సత్రముగా మార్చిన యిల్లాలు డొక్కా సీతమ్మ.

ఆమె 1841లో మండపేటలో జన్మించెను. తండ్రి అనుప్పిండి భవానీశంకరము వచ్చినవారికెల్ల అన్నము పెట్టుటచే ఊరివారికి బువ్వన్న అయ్యెను. తల్లి నరసమ్మ ముందే గతించుటచే ఇంటి బరువు ఆ బాలికపై పడెను. ఆడపిల్లలకు చదువు అరుదైన ఆ రోజులలో వంటయిల్లే ఆమెకు బడి.

లంకల గన్నవరము రైతు డొక్కా జోగన్నను పెండ్లాడి, పుట్టినింటి వ్రతమును మెట్టినింట నిలిపెను. భర్త పొలమున పండిన ధాన్యము ఆమె చేత అతిథులకు అన్నమయ్యెను. వేళగాని వేళ ఎవరు తలుపు తట్టినను పొయ్యి రాజుకొనెడిది.

ఒకమారు ఆమె అంతర్వేది స్వామి దర్శనమునకు పల్లకిలో బయలుదేరెనట. దారిలో ఒక పెండ్లివారి గుంపున పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, సీతమ్మగారి యిల్లు చేరిన అన్నము దొరకునని పెద్దలు ఓదార్చుచుండిరి. అది చెవిని పడినంతనే ఆమె పల్లకి వెనుకకు మరలించి, వారికంటె ముందు ఇల్లు చేరి వంట ముగించెనని గోదావరివాసులు నేటికిని చెప్పుకొందురు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ఉత్సవమునకు పిలుపు వచ్చినను వంటయిల్లు విడిచి పోలేదని ప్రసిద్ధి.

1909లో ఆమె కన్నుమూసెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడులలోని మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను. పంక్తిలో కూర్చున్న పిల్లలకు ఆ పేరెవరిదో ఉపాధ్యాయులు ఒకమారైనను చెప్పవలెను.